పిల్లలకు టికెట్ లేదు

ఈమధ్య మా వీధి చివరి బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. పిల్లల్ని గోల్కొండ తీసుకెళ్తున్నారట, నన్నేమైనా చెప్పమని అడిగింది. ఆమె ఫోనులో ఏ గంటకు ఏం చూపించాలో, ఎక్కడ నిలబడి ఫోటో దిగాలో అంతా రాసే ఉంది. నీళ్ల సీసాల సంగతి, వాంతుల సంగతి రెండు ముక్కలు చెప్పి పంపించాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక, అసలు చెప్పాల్సింది చెప్పనే లేదని గుర్తొచ్చి నా మీద నాకే విసుగొచ్చింది. నా ఉద్యోగ కాలమంతటిలో బడిపిల్లల్ని ఊరు దాటించింది ఒక్కసారే, అదీ ఆ గోల్కొండకే. దానికి ఫోటో లేదు. అది చక్కగా జరిగిందని కూడా నేను చెప్పలేను. అయినా ఇన్నేళ్ల నౌకరీలో ఏం చేశావని ఎవరైనా అడిగితే ముందు అదే నోటికొస్తుంది.

మాది సిద్దిపేట. నాయినకు బట్టల దుకాణం. ఆ దుకాణంలోనే ఆడుకుంటూ పెరిగినదాన్ని కాబట్టి, పల్లె మనుషులంటే నాకు పెళ్లిళ్ల కాలంలో వచ్చి చీరలు బేరమాడే గిరాకీగానే తెలుసు. తొంభైల మొదట్లో దౌల్తాబాద్ వైపు ఒక పల్లెకు బదిలీ అయినప్పుడు రెండు రోజులు ఏడ్చాను. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో దుమ్ము. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆ రోజుల్లో ఇంకొంచెం ముందుకు జరిగి ఉండేదేమో.

ఆ ఊరి బడి రెండు గదుల పెంకుటిల్లు. ఉపాధ్యాయులం ఇద్దరమే. నేను, మా పెద్దసారు. ఆయన సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. పొడుం పీలుస్తూ, ఎవరితోనూ మాట పడకుండా పింఛను దాకా చేరుకుంటే చాలనుకునేవారు. ఎండాకాలం మొదలవుతుండగా ఒక రాత్రి గాలివాన వచ్చి బడి కప్పు కూలిపోయింది. పగలు కూలి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

మండల విద్యాధికారి వచ్చి ఆ పెంకుల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. ఊళ్లో దొరగారి గడి ఖాళీగానే ఉంది, ముందు హాలు బడికి వాడుకోమని దొరగారి కొడుకులు పట్నం నుంచి ఒప్పుకున్నారు, పరీక్షల లోపు బడి అందులో నడిస్తే సరే, లేదంటే వచ్చే ఏటి నుంచి పిల్లల్ని పక్క ఊరి బడికి కలిపేస్తామని చెప్పి జీపెక్కారు. పక్క ఊరికి, ఈ ఊరికి మధ్య వాగు ఉంది. వానాకాలంలో దాన్ని దాటి ఆరేడేళ్ల పిల్లలు పోలేరు. మగపిల్లల్లో గట్టివాళ్లు నలుగురు పోతారేమో. ఆడపిల్లలు మాత్రం చాట ముందు కూర్చుంటారు. ఆ ఊళ్లో ఇంటింటా బీడీలు చుట్టేవాళ్లు. ఆడపిల్ల చేతికి కత్తెర పట్టడం వస్తే చాలు, ఆకు కత్తిరించే పనిలో పడిపోయేది. ఒకసారి చాట ముందు కూర్చున్న పిల్లను మళ్లీ బడికి రప్పించడం నావల్ల ఎన్నడూ కాలేదు.

గడి అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. దొరగారు ఉండే ఇల్లు, ఇల్లనడం కన్నా చిన్న కోట అనాలి. ఎత్తైన గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల హాళ్లు, వెనక గోలేలనే పెద్ద నీళ్ల తొట్లు, ధాన్యం గదులు. ఆ దొర పట్నం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. పావురాలు తప్ప అందులో ఎవరూ లేరు. అయినా ఊళ్లో ఎవరైనా సరే, మూల మలుపు దగ్గరికి రాగానే వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవారు. దర్వాజ ముందు నుంచి నడిచి, ఆ గోడ దాటాక మళ్లీ కాళ్లకు వేసుకునేవారు. దొర ముఖమే చూడని చిన్నపిల్లలు కూడా అంతే. ఎందుకురా అని అడిగితే వాళ్లకు తెలియదు.

దర్వాజ దగ్గర ఒక కావలి ముసలాయన ఉండేవాడు. పసితనంలో గడిలో పనికి చేరినవాడు, దొర పోయినా తను పోలేదు. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. ఆ పగుళ్లు చూస్తే ఎన్నడూ ఉన్నట్టు కూడా లేవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గడప మీద కూర్చుని, చెప్పులతో వచ్చేవాళ్లు కనిపిస్తే "చెప్పులు" అని ఒక్క మాట అనేవాడు. కోపంగా కాదు, గుర్తు చేస్తున్నట్టు. నన్నూ అన్నాడు. నా కాళ్లు కాలుతాయని గట్టిగా చెప్పేసరికి, సర్కారు మనిషిని కదా, తల దించుకుని జరిగాడు. పట్నం పిల్లనని ఊరు కూడా నన్ను వదిలేసింది.

గడిలో బడి మొదలుపెట్టిన రోజు వచ్చినవాళ్లు ముగ్గురు. కిరాణా దుకాణం పిల్లలిద్దరు, సారా కాంట్రాక్టరు కొడుకు. మిగిలిన పిల్లలంతా మూల మలుపు దగ్గర చెప్పులు చేతబట్టుకుని నిలబడి చూస్తున్నారు. నేను చెయ్యి ఊపి పిలిస్తే చెదిరిపోయారు. మరునాడూ అంతే. పెద్దసారు ముక్కులోకి ఇంత పొడుం ఎక్కించి, "అమ్మా, ఇది మనతోని అయ్యే పని కాదు" అన్నారు.

నాకు ఒళ్లు మండి ఇంటింటికీ తిరిగాను. తల్లులు నా ముఖం చూడకుండా బీడీలు చుడుతూ, ఒక ముసలమ్మ ఇల్లు చూపించారు. ఆమె మనవరాలిని పంపితే తామూ పంపుతారట. ఆ పిల్ల నాకు బాగా తెలుసు. మూడో తరగతి. కనిపించిన కాగితమల్లా చదివే రకం. నేను వెళ్లేసరికి ఆకు కత్తిరిస్తూ, కింద పరిచిన పాత పేపరు ముక్కలో సిమెంటు ప్రకటన గట్టిగా చదువుతోంది. నన్ను చూసి కత్తెర కింద పెట్టింది. వాళ్ల అమ్మ కళ్లెర్రజేస్తే మళ్లీ తీసుకుంది. తండ్రి భీవండిలో మగ్గం మీద ఉన్నాడు. ఇంట్లో మాట ఆ అవ్వదే.

నేను చదువు విలువ గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ అంతా వింది. ఆమెకు తొందరేమీ లేదు.

"మేడం, నీకు తెల్వదు," అన్నది. "లగ్గమై ఈ ఊరికొచ్చిన తెల్లారే గడికి నీళ్లు పొయ్యమని కబురొచ్చింది. గా దినం ఎత్తిన కడవ నా బిడ్డ కడుపుల వడ్డా దించలే, పుట్టినంక గూడ దించలే. ఇంట్ల పసిపిల్ల పాలకేడుస్తుంటె నేను గోలెం నింపుకుంట ఉన్న. ఒక్క గింజ ఇయ్యలే. గీ పిల్ల గా దర్వాజ తొక్కది."

"మరి చదువు?" అన్నాను.

"బీడీలు చేస్తది. బీడీలకు పైసలిస్తరు గద."

నేను లేచి వచ్చేశాను. పిల్ల మాత్రం నా వైపు చూసిన చూపు బస్సులో కూడా వెంటబడింది. ఏదో ఒకటి చేయకపోతే ఈ ఎండాకాలంతో దాని చదువు అయిపోయినట్టే. వాళ్ల అవ్వ కాదంటే ఊరంతా కాదన్నట్టే.

గోల్కొండ ఆలోచన అలా వచ్చింది. మా ఇంట్లో పిల్లలకు గోల్కొండ ఖిల్లా చూపించాలని ఆ వారమే అనుకున్నాం. రాజులు పోయి, రాణులు పోయి, ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు పల్లీలు నములుతూ తిరిగే జాగ అది. ఈ పిల్లలు దాన్ని కళ్లారా చూస్తే మన గడి ఏపాటి అనుకుంటారు, భయం పోతుంది. పెద్దసారుకు చెప్తే భయపడ్డారు. కాని ఆయన కూడా ఎన్నడూ గోల్కొండ చూడలేదట, ఆ ఆశతో ఒప్పుకున్నారు. సర్పంచ్ దగ్గర టమాటాలు పట్నం మార్కెట్‌కు తీసుకెళ్లే వ్యాను ఉంది. సరుకు దించేశాక పిల్లల్ని ఖిల్లా దగ్గర దించి, మళ్లీ ఎక్కించుకుని వస్తానన్నాడు. టమాటాల మధ్యే కూర్చోవాలి, అంతే.

నేను మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. పల్లె మాటలో చెప్తే అర్థమవుతుందని నా తెలివి చూపించి, మన గడికి పదింతలున్న గడిని చూపిస్తానని చెప్పాను. అదే కొంప ముంచింది. కాని ఆ సంగతి నాకు గోల్కొండ పోయాకే తెలిసింది.

అవ్వ ఇంటి దగ్గర పిల్ల ఏడ్చి గుంజకు తల కొట్టుకుంది. అవ్వ చివరికి, "నేనూ వస్త. నా కండ్ల ముందుంటెనే పంపుత" అన్నది. ఆమె వస్తోందని తెలిసి ఇంకా పదిమంది తల్లులు పిల్లల్ని పంపారు.

వ్యాను చీకటితోనే బయల్దేరింది. గజ్వేల్ దాటకముందే సగం మంది కక్కుకున్నారు. సర్వపిండి, గుడాల సద్దులన్నీ టమాటాల మీద ఒలికాయి. మార్కెట్‌లో సరుకు దించి, మమ్మల్ని ఖిల్లా ముందు వదిలేసరికి ఎండ బాగా ఎక్కింది. నేను కిటికీ దగ్గర పెద్దవాళ్లకు మూడు టికెట్లు తీసుకున్నాను. దర్వాజ దగ్గర టికెట్లు చూసే అతను మా మూడింటి మూలలు చింపి మళ్లీ మా చేతికిచ్చాడు. పిల్లల దండును చూసి అవ్వ ఆగిపోయింది.

"వీండ్లకేదీ?" అని అడిగింది.

"పిల్లలకు టికెట్ లేదవ్వా. పోనీయి," అన్నాడతను.

అవ్వ తన టికెట్‌ను కొంగు చివర ముడివేసుకుంది. నేను ముందు నడిచి, లోపలి బయలుకు చేరి, వెనక్కి తిరిగి చూశాను. పిల్లలంతా వరుసగా వస్తున్నారు. ఒక్కరి కాళ్లకూ చెప్పులు లేవు. అందరి చెప్పులూ చేతుల్లో ఉన్నాయి. పెద్ద గడి అని చెప్పింది నేనే కదా. పెద్ద గడి ముందు చెప్పులు విడవకుండా ఎట్లా ఉంటారు?

చుట్టూ పట్నం జనం. కాలేజీ పిల్లలెవరో చూసి నవ్వుతున్నారు. నాకు సిగ్గు, కోపం కలిసొచ్చి, చెప్పులు వేసుకోమని అరిచాను. పిల్లలు నా వైపు కాదు, అవ్వ వైపు చూశారు. అవ్వ చెప్పులు కూడా చేతిలోనే ఉన్నాయి. ఇక సాయానికి పెద్దసారు వైపు తిరిగాను. ఆయన తోలు చెప్పులు ఆయన చంకలో ఉన్నాయి. నేను చూసిన తరువాత గాని ఆ సంగతి ఆయనకే తెలియలేదు. ఆయన ముఖం చిన్నబోయింది.

"అలవాటమ్మా," అన్నారు. "మా ఊళ్లె గూడ ఒక గడి ఉండె."

ఎన్నేళ్లో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన అలా అనేసరికి నా కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

అక్కడ పెద్ద గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుందంటారు. ఒక గైడు ఎవరికో చూపిస్తూ, మా పిల్లల్ని కూడా కొట్టమన్నాడు. చేతుల్లో చెప్పులున్నాయి కదా, వాళ్లు చెప్పుతో చెప్పు కొట్టారు. ఫట ఫటమని ఆ గుమ్మటమంతా మారుమోగింది. గైడు అదిరిపడి, రాజులు తిరిగిన చోట ఇదేం పనని కసురుకున్నాడు. పిల్లలకు మాత్రం ఆ చప్పుడు తెగ నచ్చింది, ఆపమంటే ఆపలేదు. ఆ రోజంతటిలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ తరువాత నవ్వేమీ లేదు. ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. పిల్లలు ఒక కాలెత్తి ఒక కాలు దించుతూ నడుస్తున్నారు. మనవరాలు గంతులేస్తూ నా కొంగు పట్టుకుంది. దాని అరికాలు చూస్తే బొబ్బ లేచింది. నేను అవ్వ దగ్గరికి వెళ్లి, పిల్లల కాళ్లు కాలిపోతుంటే నీకు జాలి లేదా అని అడిగేశాను.

"మా కాళ్లు కాలలేదా, మేడం?" అన్నది. గొంతు పెంచలేదు.

పిల్లను ఎత్తుకుని నడిచాను. నా పిల్లల్ని కూడా అంత దూరం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

రాణులుండే మహలు దగ్గర కాస్త నీడ దొరికింది. కప్పు లేని గోడలు, మధ్యలో ఎండిపోయిన నీళ్ల తొట్టి. పిల్లలు నీడలో కూలబడ్డారు. పెద్దసారు ఆ గోడల మీద చెక్కడాలను చేత్తో తడుముతూ పిల్లాడిలా మురిసిపోతున్నారు. అవ్వ వాటిని చూడలేదు. తొట్టి దగ్గరికి పోయి లోతు చూసింది. తరువాత కొండ పైకి చూసింది.

"గంత మీదికి నీళ్లు ఎవలు మోసిన్రు?" అని నన్నడిగింది.

మట్టి గొట్టాలు, చక్రాలు, ఎద్దులు అని నేను పుస్తకంలో చదివింది చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. గోలెం నింపిన మనిషికి నేనేం చెప్పగలను.

అప్పుడే ఆ మహల్లోకి ఒక స్వీపరమ్మ వచ్చి ఊడవడం మొదలుపెట్టింది. నడివయసు మనిషి, మన వైపు మాటే. కాళ్లకు రబ్బరు చెప్పులు. రాణిగారి గదిలో ఆ చెప్పులు టపటపలాడుతుంటే అవ్వ కన్నార్పకుండా చూసింది. కాసేపటికి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నేను కాస్త దూరంలో పిల్ల కాలికి తడిగుడ్డ చుడుతున్నాను. వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"బిడ్డా, గిదంత ఎవలది?"

"సర్కారుది."

"ఊడ్సినందుకు నీకేమిస్తరు?"

"జీతమిస్తరు. నెలనెలా."

"ఊడ్సినదానికి జీతమా?"

"మరి ఉట్టిగ ఎవరూడుస్తరు?" అని ఆమె నవ్వింది.

అవ్వ నవ్వలేదు. ఆమె కాళ్ల వైపు చూపించి, చెప్పులతో తిరిగితే ఎవరూ ఏమనరా అని అడిగింది.

"ఎవరంటరు? రాజు సచ్చి ఎన్నేండ్లాయె. బండలు కాల్తయి. నువ్వేంది, చెప్పులు చేతిల పట్టుకొని తిరుగుతున్నవ్?"

అవ్వ లేచి వచ్చి మనవరాలి పక్కన కూర్చుని, పిల్ల కాలిని తన ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండిపోయింది. ఇక ఇప్పుడు చెప్పులు వేసుకుంటుందని నేను ఎదురుచూశాను. వేసుకోలేదు. పిల్లలకూ వేసుకొమ్మని చెప్పలేదు. కొండ పైకి ఎక్కకుండానే, వచ్చినవాళ్లం వచ్చినట్టే, చెప్పులు చేతబట్టుకుని బయటికి నడిచాం. పెద్దసారు మాత్రం నా ఎదుట సిగ్గుపడి తనవి తొడుక్కున్నారు, రెండడుగులు వేసి మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ఊరు దగ్గరపడుతుండగా అవ్వ కొంగు ముడి విప్పి ఆ టికెట్ తీసి చూసుకుంది.

"మేడం, గీ టికెట్ ఎన్ని దినాలు నడుస్తది?"

ఆ రోజుది ఆ రోజే చెల్లుతుందని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. "ఎన్ని దినాలైనా నడుస్తుంది, ఉంచుకో అవ్వా" అనేసి కళ్లు మూసుకున్నాను. ఆమె దాన్ని మళ్లీ జాగ్రత్తగా ముడివేసుకుంది.

ఊళ్లో దిగేసరికి తల్లులు పిల్లల అరికాళ్లు చూసి నా మీద విరుచుకుపడ్డారు. ఏ రాజుల గడి చూపించావని ఒకామె, పిల్లల్ని ఇందుకే తీసుకెళ్లావా అని ఇంకొకామె. తప్పు నాది కాదని చెప్పబోయి, అందులో సగమైనా నాదేనని తెలిసి ఊరుకున్నాను. పెద్దసారు నన్ను పక్కకు పిలిచి, రేపు పొద్దున్నే మండలానికి వెళ్లి, బడిని పక్క ఊరికి కలిపేసుకోమని రాసిస్తానన్నారు. నేను అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి నా పిల్లల్ని చూస్తే ఏడుపొచ్చింది. గంతులేసిన ఆ చిన్న పాదాలు, సిమెంటు ప్రకటన చదివే ఆ గొంతు గుర్తొచ్చాయి. ఓడిపోయాననే అనుకున్నాను.

మరునాడు బస్సు దిగి గడి వైపు నడుస్తున్నాను. మూల మలుపు దగ్గర చాలామంది పోగై ఉన్నారు. పిల్లలు, తల్లులు, మగ్గాల మీది నుంచి లేచొచ్చిన మగవాళ్లు. మండలానికి బయల్దేరిన పెద్దసారు కూడా అక్కడే ఆగిపోయి నిలబడ్డారు. అందరూ చూస్తున్న వైపు నేనూ చూశాను.

అవ్వ నడుస్తోంది. ఒక చేత్తో మనవరాలి చెయ్యి పట్టుకుంది. ఉతికిన చీర కట్టింది. కాళ్లకు చెప్పులున్నాయి, ఆమె కాళ్లకూ, పిల్ల కాళ్లకూ. దర్వాజ ముందు దాకా వచ్చినా ఆమె వంగలేదు.

కావలి ముసలాయన గడప మీది నుంచి లేచాడు. "అక్కా," అన్నాడు. "చెప్పులు."

అవ్వ పిల్ల చెయ్యి వదిలి కొంగు ముడి విప్పింది. నలిగిన ఆ గోల్కొండ టికెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తమ్మీ, నాకు టికెటున్నది," అన్నది. తరువాత మూల మలుపు దగ్గరున్న గుంపంతా వినేట్టు అన్నది: "పిల్లలకు టికెట్ లేదు."

ఆయనకు చదువు రాదు. టికెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. దిక్కుతోచక నా వైపు చూశాడు. నేనేమనాలి? ఎన్ని దినాలైనా నడుస్తుందని చెప్పిందాన్ని నేనే. గట్టిగా తల ఊపాను. చెల్లుతుందన్నట్టు పెద్దసారు కూడా తల ఊపారు. మేం కలిసి పనిచేసినన్నాళ్లలో ఆయన ధైర్యం చూపించడం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ తల ఊపడమే.

కావలాయన ఎన్నడైనా టూరింగు టాకీసుకు పోయి ఉంటాడు. టికెట్ మూల కొంచెం చింపి, మిగిలింది అవ్వకు తిరిగిచ్చి, పక్కకు జరిగాడు.

అవ్వ చెప్పులతో గడప దాటింది. లోపలి బండల మీద ఆ చెప్పుల చప్పుడు మా అందరికీ వినిపించింది. పిల్లను హాల్లో ముందు వరుసలో కూర్చోబెట్టి, తను నేరుగా వెనక్కి పోయింది. నేను వెంట వెళ్లాను. గోలెం దగ్గర నిలబడి ఉంది. అందులో ఎండుటాకులు, పావురాల ఈకలు. చాలాసేపు చూసి, "ఎండిపాయె" అన్నది. ఆమె ముఖంలో సంతోషం లేదు, ఏడుపూ లేదు. నాకే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె నా భుజం తట్టి, "పో మేడం, పిల్లలొస్తున్నరు" అన్నది.

నిజంగానే వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, చెప్పులతో, దర్వాజ దగ్గర కావలాయన వైపు చూసి "మాకు టికెట్ లేదు" అని చెప్పి మరీ లోపలికి వస్తున్నారు. ఆయన ప్రతి ఒక్కరికీ తల ఊపాడు. ఆ రోజు మండలానికి ఎవరూ వెళ్లలేదు. నా బదిలీ దాకా బడి ఆ హాల్లోనే నడిచింది.

ఆ అవ్వ అంతా తెలిసే అలా చేసిందా, లేక నా మాట నమ్మి ఆ టికెట్ నిజంగానే ప్రతి గడికీ చెల్లుతుందనుకుందా అని చాలాసార్లు ఆలోచించాను. అడగడానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు. టికెట్ ఉన్న మనిషి చెప్పులు విడవక్కర్లేదని ఆమె గోల్కొండ నుంచి నేర్చుకుని వచ్చింది. నేను పదింతల గడి చూపించి భయం పోగొడదామనుకున్నాను. అక్కడ పనికొచ్చినవి చెప్పులేసుకున్న ఆ స్వీపరమ్మ కాళ్లు, టికెట్లు చూసే అతను అన్న ఒక్క మాట. మీరు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఏం చూపించాలో రాసుకోండి, తప్పులేదు. వాళ్లు ఏం చూస్తున్నారో కూడా చూడండి. అవ్వలు వెంట వస్తామంటే కాదనకండి.

ఇంకొక్కటి ఉంది. కొన్ని రోజులకు, సాయంత్రం నేను బస్సుకు బయల్దేరుతుంటే కావలి ముసలాయన గడప మీది నుంచి పిలిచాడు. ఎప్పుడూ తనంతట తాను నన్ను పిలవలేదు. కాసేపు తన పగిలిన కాళ్ల వైపు చూసుకుని, "మేడం, మల్ల గా గోల్కొండకు పోతె నాకు గూడ ఒక టికెట్ తెండ్రి" అన్నాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి పిల్లల్ని గోల్కొండ తీసుకెళ్లినప్పుడు పెద్దవాళ్ల టికెట్ ఒకటి ఎక్కువ తీసుకున్నాను. బడి తెరిచిన రోజు తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. గడపకు ఆనించి పెట్టిన ఒక జత కొత్త రబ్బరు చెప్పులు అప్పుడు చూశాను. ఎన్నాళ్ల ముందు కొని దాచాడో తెలియదు. వాటిని తొడుక్కుని, దర్వాజకు బయటి వైపు దిగి నిలబడ్డాడు. కాని లోపలికి రాలేదు. టికెట్ చూసి చింపే మనిషి తానే కదా, ఇప్పుడు తనది ఎవరు చింపుతారు? నన్ను చింపమంటే నేను చింపేదాన్నే. ఆయన నా వైపు చూడలేదు.

మనవరాలిని దిగబెట్టడానికి వచ్చిన అవ్వ అప్పుడే హాల్లోంచి బయటికి వస్తోంది. ఆయన తన టికెట్ ఆమె ముందుకు చాపాడు. అవ్వ దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మూల చింపి తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"పో తమ్మీ," అన్నది.